ప్రైమరీ డిస్‌ప్లే పీఈజీకి మార్చినా బయోస్ తెర చిన్న మానిటర్‌లోనే వస్తోంది

పక్కతెర
మూడు రోజుల నుంచి ఇదే పని మీద ఉన్నా, తేలడం లేదు. నా దగ్గర రెండు మానిటర్లున్నాయి. పెద్దదాన్ని గ్రాఫిక్స్ కార్డుకి హెచ్‌డీఎమ్‌ఐతో కలిపాను. పాత చిన్నదాన్ని మదర్‌బోర్డు వెనక ఉన్న పోర్టుకి పెట్టాను. పవర్ బటన్ నొక్కగానే లోగో, బయోస్ (విండోస్ కంటే ముందు బోర్డు నడిపే సెటప్) మెనూ అన్నీ చిన్నదాంట్లోనే వస్తాయి. పెద్దది నల్లగా ఉండిపోయి, విండోస్ లాగిన్ దగ్గరికి వచ్చాకే వెలుగుతుంది.

బయోస్‌లో వెతికితే ప్రైమరీ డిస్‌ప్లే అని ఒక ఆప్షన్ దొరికింది. అందులో ఆటో, ఐజీఎఫ్ఎక్స్ (ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్), పీఈజీ (విడి గ్రాఫిక్స్ కార్డు) అని ఉన్నాయి. ఆటో తీసేసి పీఈజీ పెట్టి, ఎఫ్10 నొక్కి సేవ్ చేశా. ఏ మార్పూ లేదు. మళ్లీ లోపలికెళ్లి చూస్తే పీఈజీ అనే ఉంది, అంటే సేవ్ అయినట్టే. చిన్న మానిటర్ కేబుల్ పీకేసి కూడా చూశా. అప్పుడు లాగిన్ వచ్చేదాకా ఎక్కడా ఏమీ కనపడదు. డిలీట్ కీ కొడితే బయోస్‌లోకి వెళ్లానో లేదో కూడా తెలియదు.

చిన్న మానిటర్‌ని తమ్ముడికి ఇచ్చేస్తానని మాటిచ్చాను. అందుకే ఈ తొందర. ఇంకో భయం కూడా ఉంది. బోర్డు నా కార్డుని ప్రైమరీగా తీసుకోకపోతే, నేను ఆడే గేమ్స్ కూడా ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీదే నడుస్తున్నాయా?

వైర్లచిట్టి
ముందు కేబుల్ చూడండి. పెద్ద మానిటర్ వైరు నిజంగా కార్డులోనే ఉందా? ఇక్కడికి వచ్చే ఇలాంటి ప్రశ్నల్లో సగం అక్కడే తేలిపోతాయి. మదర్‌బోర్డు పోర్టులు నిలువుగా పైన ఉంటాయి, కార్డు పోర్టులు కింద అడ్డంగా ఉంటాయి.

పక్కతెర
కార్డులోనే ఉంది. రెండుసార్లు టార్చి వేసి చూశా. కార్డుకి పవర్ వైరు కూడా గట్టిగానే కూర్చుంది.

రాత్రిబండి
ఇంత ఆలోచన ఎందుకు బ్రో. బయోస్‌లో ఐజీపీయూ (ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్) మల్టీ మానిటర్ అని ఉంటుంది, దాన్ని డిజేబుల్ చేసెయ్. ప్రాసెసర్ గ్రాఫిక్స్ పూర్తిగా ఆగిపోతుంది. ఇక బోర్డుకి కార్డు తప్ప వేరే దారి ఉండదు. నేను నాలుగేళ్లుగా అలాగే వాడుతున్నా.

పాతచిప్పు
ముందు గేమ్స్ భయం తీర్చేద్దాం, ఎందుకంటే అది అసలు వేరే విషయం. ప్రైమరీ అన్న మాట మూడు చోట్ల మూడు అర్థాలతో వాడుతున్నారు, అందుకే అందరూ తికమక పడుతున్నారు.

బయోస్‌లో ఉన్న ప్రైమరీ డిస్‌ప్లే అంటే, కరెంటు వచ్చిన దగ్గర్నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ తన డ్రైవర్ ఎక్కించుకునేదాకా బొమ్మ ఏ చిప్పు నుంచి రావాలి అన్నది మాత్రమే. ఆ కొన్ని సెకన్ల వరకే దాని పెత్తనం. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఉండే మెయిన్ డిస్‌ప్లే వేరు. టాస్క్‌బార్ ఏ మానిటర్ మీద ఉండాలి, కొత్త కిటికీలు ఎక్కడ తెరుచుకోవాలి అన్నది అది చూసుకుంటుంది. మూడోది, ఒక గేమ్‌ని ఏ చిప్పు లెక్కగట్టి గీయాలి అన్నది. దాన్ని విండోస్, డ్రైవర్, ఒక్కోసారి గేమే తేల్చుకుంటాయి. విండోస్ 10లో 2018 నాటి 1803 వెర్షన్ నుంచి సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ లోకి వెళ్లి ఒక్కో ప్రోగ్రామ్‌కి విడిగా చెప్పే వీలుంది.

కాబట్టి పక్కతెర గారూ, మీ గేమ్ పెద్ద మానిటర్ మీద ఆడుతున్నారు, ఆ మానిటర్ కార్డుకి కలిపి ఉంది. దాదాపు ఖాయంగా కార్డే పనిచేస్తోంది. గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. ఏ జీపీయూ గ్రాఫ్ పైకి లేస్తే అదే పనిచేస్తున్నట్టు.

ఇక బయోస్ తెర ఎందుకు మారలేదన్నది నిజమైన ప్రశ్న. పీఈజీ అని సేవ్ అయ్యాక కూడా బోర్డు వినలేదంటే ఏదో కారణం ఉంటుంది. రాత్రిబండి చెప్పినట్టు ఐజీపీయూని ఆపేయడం మాత్రం ఇప్పుడే చేయకండి. కారణం తెలిసేవరకు ఆగండి.

రాత్రిబండి
ఆపితే ఏమవుతుంది పాతచిప్పు అన్నా? నాకేం కాలేదే.

శ్రావ్య_ఎడిట్స్
నాకైంది. నేను వీడియో ఎడిటింగ్ చేస్తాను. కొత్త కార్డు పెట్టిన వారం ఎవరో ఇదే సలహా ఇస్తే ఐజీపీయూ డిజేబుల్ చేశా. తర్వాత ఎడిటర్‌లో కెమెరా క్లిప్పులు నత్తనడక మొదలుపెట్టాయి. కార్డు పాడైందనుకుని రెండు రోజులు టెన్షన్ పడ్డా. అసలు సంగతేంటంటే, ఇంటెల్ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అని వీడియో డీకోడ్, ఎన్‌కోడ్ చేసే భాగం ఉంటుంది. 2011 నుంచీ ఉంది. నా కెమెరా ఇచ్చే 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ ఫైళ్లని నా కార్డు డీకోడ్ చేయలేదు, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చేయగలదు. దాన్ని నేనే ఆపేశాను కదా.

ఇప్పుడు ప్రైమరీ పీఈజీ, మల్టీ మానిటర్ ఎనేబుల్. బొమ్మ కార్డు నుంచి వస్తుంది, క్లిప్పులు ఐజీపీయూ విప్పుతుంది. రెండూ ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నాయి. చాలా బోర్డుల్లో ఆటోలో వదిలేస్తే, కార్డు కనపడగానే ఐజీపీయూని బోర్డే ఆపేస్తుంది. ఎడిటింగ్ చేసేవాళ్లు మల్టీ మానిటర్ ఆప్షన్ ఒకసారి తప్పక చూసుకోండి.

రాత్రిబండి
సరే, ఎడిటింగ్ చేసేవాళ్లకి ఒప్పుకుంటా. పక్కతెర గేమ్స్ కోసం కదా అడిగింది. ఐజీపీయూ ఉంటే దానికి ర్యామ్‌లో కొంత వాటా పోతుంది, ఆపేస్తే అది కూడా మిగులుతుంది.

జంపర్‌టోపీ
ఆ వాటా ఎంతో కూడా చూడు. ముందే పక్కన పెట్టేది నా బోర్డులో 64 ఎంబీ. మిగతాది అవసరమైనప్పుడే తీసుకుంటుంది. 16 జీబీ ఉన్నవాడికి అదొక లెక్కా?

నా అనుభవం చెప్తా. ఐజీపీయూ డిజేబుల్ చేసి ఏడాది హాయిగా వాడా. ఒకరోజు కార్డు ఫ్యాన్ ఆగిపోయింది. కార్డు తీసేసి, మానిటర్ వైరు మదర్‌బోర్డుకి పెట్టి ఆన్ చేశా. చీకటి. కార్డు లేదని గమనించి ఐజీపీయూని తనంతట తానే లేపే బోర్డులున్నాయి, నాది లేపలేదు. చివరికి సీమోస్ క్లియర్ చేయాల్సి వచ్చింది, అంటే బయోస్ సెట్టింగులన్నీ చెరిపి మొదటికి తేవడం. పవర్ వైరు పీకి, బోర్డు మీద సీఎల్ఆర్ సీమోస్ అని రాసున్న రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలిపి ఉంచా. పిన్నులు దొరక్కపోతే సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టినా అవుతుంది. తర్వాత బొమ్మ వచ్చింది. కాకపోతే ఫ్యాన్ స్పీడ్లు, ర్యామ్ ప్రొఫైల్ అన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి.

వైర్లచిట్టి
అందుకే మార్చే ముందు బయోస్ పేజీలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రెండు నిమిషాల పని.

తొమ్మిదోబిట్
తర్వాత చదివేవాళ్ల కోసం చెప్తున్నా. ఈ ఆప్షన్‌కి ఒక్కో బోర్డులో ఒక్కో పేరు. ఆసుస్‌లో ప్రైమరీ డిస్‌ప్లే, గిగాబైట్‌లో ఇనిషియల్ డిస్‌ప్లే అవుట్‌పుట్, ఎమ్‌ఎస్‌ఐలో ఇనిషియేట్ గ్రాఫిక్ అడాప్టర్, ఆజ్‌రాక్‌లో ప్రైమరీ గ్రాఫిక్స్ అడాప్టర్. లోపల ఐజీడీ, ఐజీఎఫ్ఎక్స్, సీపీయూ గ్రాఫిక్స్ అన్నీ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి పేర్లే. పీఈజీ అంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ గ్రాఫిక్స్, ప్రాసెసర్‌కి నేరుగా కలిసే పెద్ద స్లాట్. కొన్నిట్లో పీసీఐఈ 1 స్లాట్, పీసీఐఈ 2 స్లాట్ అని స్లాట్ నంబరుతోనే ఉంటుంది.

వెతికినా ఆప్షన్ దొరకనివాళ్లు ప్రాసెసర్ పేరు చివర చూడండి. ఇంటెల్‌లో 12400ఎఫ్ లాగా ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదు. ఏఎమ్‌డీలో రైజెన్ 5000 వరకు జీ అక్షరం ఉన్నవాటికే గ్రాఫిక్స్ ఉండేది. 7000 సిరీస్ డెస్క్‌టాప్ చిప్పుల నుంచి 7500ఎఫ్ లాంటివి తప్ప దాదాపు అన్నిట్లో చిన్నదొకటి పెట్టారు. ఎంచుకోవడానికి రెండోది లేనప్పుడు కొన్ని బోర్డులు ఆ ఆప్షన్నే దాచేస్తాయి.

సన్నజాజి
ఏజీపీ (పాతకాలపు గ్రాఫిక్స్ కార్డు స్లాట్) రోజుల్లో కూడా ఇదే గొడవ. అప్పుడు ఇనిట్ డిస్‌ప్లే ఫస్ట్ అని ఉండేది, పీసీఐ లేదా ఏజీపీ. నేను ఒక ఏజీపీ కార్డు, ఒక పీసీఐ కార్డు పెట్టి రెండు మానిటర్లు నడిపేదాన్ని. నా బోర్డు మొదట పీసీఐనే పట్టుకునేది. ఏజీపీకి మార్చగానే మాట వినేది. పక్కతెర గారి బోర్డు మాత్రం వినడం లేదు, అది వింతగా ఉంది.

చల్లనిఫ్యాన్
కార్డు ఏ స్లాట్‌లో ఉంది? కింది స్లాట్‌లో పెట్టారేమో. కింది పెద్ద స్లాట్ చాలా బోర్డుల్లో చూడ్డానికే 16 లైన్లది, లోపల చిప్‌సెట్ నుంచి వచ్చే 4 లైన్లే ఉంటాయి. బయోస్‌లో పీఈజీ అంటే పైదాన్ని చూస్తుంది. కింద ఉన్నది దానికి లెక్కలోకి రాకపోవచ్చు.

పక్కతెర
పై స్లాట్‌లోనే ఉంది. గేమ్ పెట్టి టాస్క్ మేనేజర్ చూశా. పాతచిప్పు గారు చెప్పింది నిజమే, జీపీయూ 1 అని ఉన్న నా కార్డు 97 శాతం దాకా వెళ్లింది. జీపీయూ 0 అని ఉన్న ఇంటెల్‌ది రెండు మూడు శాతం. ఒక భయం తీరింది, చాలా థ్యాంక్స్.

రాత్రిబండి చెప్పినట్టు మల్టీ మానిటర్ ఆపేసి చూద్దామా అని చేయి లాగేస్తోంది. రాత్రి ప్రయత్నిస్తా.

పెంగ్విన్64
ఆగండి ఆగండి. అంతకుముందు మూడు చెప్పండి. కార్డు ఏ ఏడాదిది? సీఎస్‌ఎమ్ (పాత పద్ధతి కార్డులు, డిస్కులతో బోర్డు పనిచేయడానికి ఉండే బయోస్ ఆప్షన్) ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా? ఈ సమస్య మొదటి నుంచీ ఉందా, మధ్యలో వచ్చిందా?

పక్కతెర
కార్డు పాత సిస్టమ్ నుంచి తెచ్చుకున్నది, 2012 నాటిది. కొత్త కార్డుకి డబ్బు కూడేదాకా దీంతోనే. బోర్డు, ప్రాసెసర్ దానికంటే చాలా కొత్తవి. సీఎస్‌ఎమ్... మీరు అడిగాక గుర్తొచ్చింది. విండోస్ 11 పెట్టేముందు సెక్యూర్ బూట్ (నమ్మకం లేని ప్రోగ్రామ్‌లు బూట్‌లో నడవకుండా ఆపే రక్షణ) కావాలంటే సీఎస్‌ఎమ్ ఆఫ్ చేయమన్నారు, చేశా. విండోస్ 10 ఉన్నప్పుడు చిన్న మానిటర్ లేదు, పెద్దదాంట్లోనే బయోస్ వచ్చేది. అప్పుడు అసలు సమస్యే లేదు!

పెంగ్విన్64
దొరికింది. పాతచిప్పు గారూ, మీరే చెప్పండి, మీరైతే విడమరిచి చెప్తారు.

పాతచిప్పు
పెంగ్విన్ సరైన చోట పట్టుకున్నారు. నేను మొదటే కార్డు వయసు అడగాల్సింది.

మదర్‌బోర్డుకి ప్రపంచంలోని ప్రతి కార్డుతో ఎలా మాట్లాడాలో తెలియదు. అందుకే ప్రతి కార్డు తన మీదున్న చిన్న చిప్పులో ఒక ప్రోగ్రామ్ మోసుకొస్తుంది. దాన్ని వీడియో బయోస్ అంటాం. పవర్ రాగానే బోర్డు ఆ ప్రోగ్రామ్‌ని తీసి నడుపుతుంది, అప్పుడే మొదటి బొమ్మ వస్తుంది. పాత పద్ధతిలో ఈ ప్రోగ్రామ్ 16 బిట్ కోడ్, మెమరీలో సీ0000 అనే చిరునామా దగ్గర కూర్చునేది. పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి వచ్చాక ఇది మారింది. కార్డులో జీఓపీ అనే డ్రైవర్ ఉండాలి, గ్రాఫిక్స్ అవుట్‌పుట్ ప్రోటోకాల్ అంటారు. యూఈఎఫ్‌ఐకి అర్థమయ్యేది అదే.

సీఎస్‌ఎమ్ ఈ రెంటి మధ్య దుబాసీ. అది ఆన్‌లో ఉన్నంతకాలం పాత భాష మాట్లాడే కార్డుతో కూడా బోర్డు పని చేయించుకోగలదు. మీరు దుబాసీని పంపించేశారు. 2012 ప్రాంతంలో వచ్చిన చాలా కార్డులకి జీఓపీ లేదు. బోర్డు మీ మాట ప్రకారం పీఈజీ దగ్గరికి మొదట వెళ్తుంది, అక్కడ తనకి అర్థమయ్యే డ్రైవర్ ఉండదు, బొమ్మ ఎక్కడో ఒకచోట చూపించాలి కాబట్టి ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కి వచ్చేస్తుంది. సెట్టింగ్ పీఈజీ అనే ఉంటుంది, బొమ్మ మాత్రం చిన్న మానిటర్‌లో. విండోస్ తన సొంత డ్రైవర్‌తో కార్డుని లేపుతుంది, దానికి వీడియో బయోస్‌లో జీఓపీ అక్కర్లేదు. అందుకే లాగిన్ దగ్గర పెద్దది వెలుగుతోంది.

ఇప్పుడు ఐజీపీయూని ఆపేస్తే ఏమయ్యేదో ఊహించండి. బోర్డు దగ్గర బొమ్మ చూపించే దారి ఒక్కటీ మిగలదు. బయోస్‌లోకి వెళ్లి వెనక్కి మార్చుకుందామన్నా కనపడదు. జంపర్‌టోపీ చెప్పిన పిన్నులే గతి.

రాత్రిబండి
అయ్యో. ఇది నాకు నిజంగా తెలియదు. నా కార్డు 2019ది, అందుకే నాకు ఏమీ కాలేదు. పక్కతెర బ్రో, రాత్రి ఆ పని చేయకు. సారీ.

పక్కతెర
చేయలేదు బ్రో, ఇంకా పగలే. మంచి మనసుతో చెప్పావు, సారీ ఎందుకు.

మరి నా కార్డులో జీఓపీ ఉందో లేదో ఖాయంగా ఎలా తెలుస్తుంది?

తొమ్మిదోబిట్
జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ తెరవండి. కింద జాబితాలో మీ కార్డు ఎంచుకోండి. బయోస్ వెర్షన్ పక్కన యూఈఎఫ్‌ఐ అని చిన్న గడి ఉంటుంది. టిక్ ఉంటే జీఓపీ ఉన్నట్టు.

పక్కతెర
టిక్ లేదు. ఇంటెల్ దానికి మారిస్తే ఉంది. అయితే ఇదే.

కొత్తదీపం
మధ్యలో వస్తున్నా. నాది ల్యాప్‌టాప్, రెండు గ్రాఫిక్స్ ఉన్నాయి. బయోస్ అంతా గాలించినా ప్రైమరీ అన్న మాటే లేదు. ఎలా మార్చాలి?

తొమ్మిదోబిట్
చాలా ల్యాప్‌టాప్‌లలో లోపలి తెర వైరు ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కే అతికి ఉంటుంది. పెద్ద చిప్పు గీసిన బొమ్మ కూడా దాని గుండానే తెరకి చేరాలి. అలాంటప్పుడు మార్చడానికి ఏమీ ఉండదు. మక్స్ స్విచ్ (తెరని ఏ చిప్పుకి కలపాలో మార్చేది) ఉన్న మోడల్ అయితే బయోస్‌లోగానీ తయారీదారు సాఫ్ట్‌వేర్‌లోగానీ హైబ్రిడ్, డిస్క్రీట్ అని రెండు కనిపిస్తాయి. డిస్క్రీట్ పెడితే గేమ్స్‌లో కాస్త లాభం, బ్యాటరీ మాత్రం గబగబా దిగిపోతుంది. ప్రోగ్రామ్ వారీగా అయితే పాతచిప్పు పైన చెప్పిన విండోస్ సెట్టింగ్ చాలు.

పక్కతెర
సరే, నా ముందు ఇప్పుడు ఏ దారులున్నాయి?

రాత్రిబండి
సీఎస్‌ఎమ్ మళ్లీ ఆన్ చేసుకో. పెద్ద మానిటర్‌లో బయోస్ వస్తుంది. విండోస్ 11 ఒకసారి పెట్టాక సెక్యూర్ బూట్ లేకపోయినా బూట్ అవుతుంది, నా ఫ్రెండ్‌ది అలాగే నడుస్తోంది. ఈసారి తెలిసే చెప్తున్నా.

పెంగ్విన్64
బూట్ అవుతుంది, నిజమే. కానీ సీఎస్‌ఎమ్ ఆన్ అంటే సెక్యూర్ బూట్ పోయినట్టే. లోగో చూడటం కోసం తాళం తీసి పెట్టడం నాకు నచ్చదు. వాలరెంట్ లాంటి గేమ్ ఆడితే విండోస్ 11లో అది సెక్యూర్ బూట్, టీపీఎమ్ 2.0 (కంప్యూటర్‌లోని భద్రతా భాగం) రెండూ అడుగుతుంది. గేమే తెరుచుకోదు.

ఇంకో ముఖ్యమైన మాట. డ్రైవ్ మీద బిట్‌లాకర్ (డ్రైవ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ రక్షణ) ఉందేమో ముందే చూసుకోండి. సెక్యూర్ బూట్ మార్చగానే అది 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఎక్కువ. కీ చేతిలో లేకపోతే ఫైళ్లన్నీ తలుపు వెనకే ఉండిపోతాయి. కీ ఎక్కడో రాసి పెట్టుకుని, బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి, అప్పుడు బయోస్ ముట్టుకోండి.

జంపర్‌టోపీ
దీనికి తలకిందుల కేసు కూడా ఉంది, ఇది చదివి ఎవరైనా తొందరపడి సీఎస్‌ఎమ్ ఆఫ్ చేస్తారేమోనని చెప్తున్నా. డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉండి, విండోస్ పాత పద్ధతిలో బూట్ అవుతుంటే, సీఎస్‌ఎమ్ ఆఫ్ చేయగానే విండోస్ అసలు లేవదు. ముందు ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌తో డిస్క్‌ని కొత్త జీపీటీ పద్ధతికి మార్చుకోవాలి. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి లోపలే ఉంది. బ్యాకప్ తీసుకున్నాకే.

సన్నజాజి
పక్కతెర గారి బోర్డు నెమ్మదైనది, చప్పుడు చేయకుండా ఐజీపీయూకి వెళ్లిపోయింది. నా దగ్గరున్న ఇంకో బోర్డు అయితే ఇలాంటి కార్డు పెట్టగానే బీప్ కొట్టి, ఈ కార్డు యూఈఎఫ్‌ఐకి పనికిరాదు కాబట్టి సీఎస్‌ఎమ్ సెట్టింగ్ నేనే మార్చాను అని తెర మీద రాసింది. అలా ఒక్క ముక్క రాస్తే మనిషికి మూడు రోజులు మిగిలేవి. ఈ విషయంలో నాకు బోర్డులు చేసేవాళ్ల మీద కోపమే. పీఈజీ అని ఎంచుకోనిచ్చి, అది కుదరనప్పుడు ఎందుకు కుదరలేదో చెప్పకపోవడం ఏం పద్ధతి?

పాతచిప్పు
సన్నజాజి గారితో వందశాతం ఏకీభవిస్తా.

మూడో దారి కూడా ఉంది. 2012 కార్డుల్లో కొన్నిటికి తయారీదారులు తర్వాత జీఓపీ ఉన్న కొత్త వీడియో బయోస్ ఇచ్చారు. మీ కార్డు కంపెనీ సపోర్ట్ పేజీలో సరిగ్గా మీ మోడల్ నంబరుకే ఫైల్ ఉంటే దాన్ని ఎక్కించొచ్చు. పేరు దగ్గరగా ఉంది కదా అని వేరే మోడల్ ఫైల్ ఎక్కించవద్దు. ముందు జీపీయూ-జెడ్‌తో ఇప్పుడున్న వీడియో బయోస్‌ని సేవ్ చేసి పెట్టుకోండి. మధ్యలో కరెంటు పోయి కార్డు మూగబోయినా, మీకు ఐజీపీయూ ఉంది కాబట్టి దాని బొమ్మతో బూట్ చేసి పాత ఫైల్ తిరిగి ఎక్కించే అవకాశం ఉంటుంది. ఐజీపీయూని ఎప్పుడూ బతికి ఉండనివ్వండి అని నేను పోరేది అందుకే.

చల్లనిఫ్యాన్
నాకైతే ఫ్లాషింగ్ అన్నమాటే వద్దు. పన్నెండేళ్లు దాటిన కార్డు అది. నడుస్తున్నదాన్ని నడవనివ్వాలి.

కొండచిలువ
నేను కావాలనే ఐజీఎఫ్ఎక్స్‌ని ప్రైమరీగా పెట్టుకున్నా, ఇలాంటివాళ్లు కూడా ఉంటారని చెప్పడానికి రాస్తున్నా. ఇంట్లో భాషా మోడళ్లు నడుపుతుంటా. 12 జీబీ కార్డులో డెస్క్‌టాప్, బ్రౌజర్ కలిసి కొన్ని వందల ఎంబీలు తినేస్తాయి. మోడల్ అంచుల దాకా నిండినప్పుడు ఆ కొన్ని వందలే అడ్డం పడతాయి. మానిటర్ వైరు మదర్‌బోర్డుకి పెట్టి, ప్రైమరీ ఐజీఎఫ్ఎక్స్ చేశాక కార్డు మెమరీ దాదాపు మొత్తం మోడల్‌కే మిగులుతోంది.

పెంగ్విన్64
కొండచిలువ చెప్పింది లినక్స్‌లో వర్చువల్ మెషీన్‌కి కార్డు అప్పగించేవాళ్లకి ఇంకా ముఖ్యం. బూట్ సమయంలో ఏ కార్డు బొమ్మ చూపించిందో దాన్ని కెర్నల్ గుర్తుపెట్టుకుంటుంది. సిస్ ఫోల్డర్లలో ఆ పరికరం కింద బూట్_వీజీఏ అనే ఫైల్ ఉంటుంది, అందులో 1 ఉంటే అదే. ఆ కార్డునే వర్చువల్ మెషీన్‌కి ఇవ్వాలంటే తలనొప్పి ఎక్కువ, ఎందుకంటే కన్సోల్ దాన్ని అప్పటికే పట్టుకుని కూర్చుంటుంది. బయోస్‌లో ఐజీఎఫ్ఎక్స్ ప్రైమరీ చేస్తే పెద్ద కార్డు ఖాళీగా దొరుకుతుంది. కొందరికి ఆ ఒక్క సెట్టింగ్ వారాల కష్టం తప్పిస్తుంది.

నీలిగీత
నా కార్డు అంత పాతది కాదు, జీపీయూ-జెడ్‌లో టిక్ కూడా ఉంది. అయినా డిస్‌ప్లేపోర్ట్ వైరుతో బయోస్ తెర రాదు, లాగిన్ మాత్రమే వస్తుంది. అదే మానిటర్‌కి హెచ్‌డీఎమ్‌ఐ పెడితే వస్తుంది. సెట్టింగ్‌లో తప్పేమో అనుకుని ప్రైమరీ అటూ ఇటూ ఎన్నిసార్లు మార్చానో.

తొమ్మిదోబిట్
మీది సెట్టింగ్ తప్పు కాదు. కార్డు ఫర్మ్‌వేర్‌కీ మానిటర్‌కీ డిస్‌ప్లేపోర్ట్‌లో పొత్తు కుదరడం లేదు. కొన్ని మానిటర్లు నిద్ర లేవడానికి కూడా టైమ్ తీసుకుంటాయి, ఈలోగా బయోస్ దాటిపోతుంది. మాక్స్‌వెల్, పాస్కల్ తరం కార్డుల కోసం డిస్‌ప్లేపోర్ట్ 1.3, 1.4 మానిటర్లతో ఇలా నల్లతెర రాకుండా ఎన్‌విడియా ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చింది. మీ కార్డు ఆ తరమైతే అది చూడండి. కాకపోతే బయోస్ పని ఉన్న రోజు హెచ్‌డీఎమ్‌ఐ పెట్టుకోండి.

నీలిగీత
పాస్కల్ తరమే. చూస్తా, థ్యాంక్యూ.

వైర్లచిట్టి
పక్కతెర గారూ, ఒక్క ప్రశ్న. మీ పెద్ద మానిటర్‌కి వెనక ఎన్ని ఇన్‌పుట్లున్నాయి?

పక్కతెర
రెండు హెచ్‌డీఎమ్‌ఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్. ఎందుకు?

వైర్లచిట్టి
అయితే రెండో వైరు మదర్‌బోర్డు నుంచి అదే పెద్ద మానిటర్‌కి పెట్టేయండి. కార్డు నుంచి హెచ్‌డీఎమ్‌ఐ 1, బోర్డు నుంచి హెచ్‌డీఎమ్‌ఐ 2. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ ఆటో చేయండి. పవర్ రాగానే సిగ్నల్ బోర్డు నుంచి మాత్రమే ఉంటుంది, మానిటర్ దాన్నే చూపిస్తుంది. విండోస్‌లోకి వచ్చాక డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో కార్డు వైపు తెర ఒక్కదాంట్లోనే చూపించు అని పెట్టండి. అప్పుడు బోర్డు వైపు సిగ్నల్ ఆగిపోతుంది, మానిటర్ తనంతట తాను కార్డు వైపుకి మారుతుంది. సీఎస్‌ఎమ్ ముట్టుకోనక్కర్లేదు, ఫ్లాషింగ్ అక్కర్లేదు.

జంపర్‌టోపీ
చిట్టి మళ్లీ వైరుతోనే తేల్చేసింది!

పాతచిప్పు
ఇది బాగుంది. నాకు తట్టలేదు. ఒక్కటి చేర్చండి, ప్రైమరీ డిస్‌ప్లేని పీఈజీ నుంచి ఐజీఎఫ్ఎక్స్‌కి మార్చండి. ఎలాగూ అక్కడికే వస్తోంది కదా, కార్డు దగ్గర వెతుకులాట ఎందుకు. మల్టీ మానిటర్ మాత్రం ఎనేబుల్‌లోనే ఉండాలి.

పక్కతెర
రాత్రి కూర్చుని అన్నీ చేశా. కార్డు కంపెనీ పేజీలో నా మోడల్‌కి కొత్త వీడియో బయోస్ లేదు, కాబట్టి ఫ్లాషింగ్ మాట పక్కన పెట్టేశా. వైర్లచిట్టి గారు చెప్పినట్టు రెండు వైర్లు పెట్టా. ఆన్ చేయగానే పెద్ద మానిటర్‌లో లోగో వచ్చింది! డిలీట్ కొడితే బయోస్ కూడా అందులోనే. విండోస్ మొదలవుతున్నప్పుడు రెండు మూడు సెకన్లు చీకటై, కార్డు వైపుకి మారి లాగిన్ వస్తోంది. నాలుగుసార్లు రీస్టార్ట్ చేసి చూశా, నాలుగుసార్లూ అంతే. సెక్యూర్ బూట్ కూడా ఆన్‌లోనే ఉంది.

గేమ్ పెట్టి టాస్క్ మేనేజర్ మళ్లీ చూశా. ఐజీఎఫ్ఎక్స్ ప్రైమరీగా ఉన్నా గేమ్ కార్డు మీదే నడుస్తోంది. మూడు ప్రైమరీలు వేరు వేరని పాతచిప్పు గారు చెప్పింది ఇప్పుడు కళ్లారా చూశా.

శ్రావ్య_ఎడిట్స్
సూపర్. ఐజీపీయూ కూడా బతికే ఉంది, ఎప్పుడైనా ఎడిటింగ్ మొదలుపెడితే పనికొస్తుంది.

రాత్రిబండి
నేను కూడా నా మల్టీ మానిటర్ ఎనేబుల్ చేసి పెట్టా. రేపు కార్డు పోతే పిన్నుల కోసం వెతుక్కోవడం ఎందుకని.

పెంగ్విన్64
కొత్త కార్డు కొన్నాక ఆ రెండో వైరు తీసేసి, ప్రైమరీని పీఈజీకి మార్చండి. అప్పుడు మాట వింటుంది.

పక్కతెర
తప్పకుండా. చిన్న మానిటర్‌ని తమ్ముడు పొద్దున్నే పట్టుకెళ్లాడు.